అంగుళం తక్కువ గజం

తొంభై మూడో సంవత్సరం ఎండాకాలంలో గద్వాల స్టేషన్ రోడ్డులో ప్రభుదాసు కట్టె మిషన్ పెట్టాడు. అది మోగడం మొదలైన నాటి నుంచి వడ్రంగం చేసే వడ్ల జోగయ్యకు కూర్చుంటే కూర్చున్నట్టు లేదు, నిలుచుంటే నిలుచున్నట్టు లేదు. ఆయన పొద్దంతా రంధా పట్టి నునుపు చేసే పలకను, ఆ మిషన్ ఒక బీడీ కాల్చేలోపు నున్నగా గీకి అవతల ఉమ్మేసేది.

"చేతిల రంధా పోయింది, మనసుల రంధి మిగిలింది" అని జోగయ్య తనలో తనే అనుకున్నాడు. తనే నవ్వాడు. ఏడవాల్సిన చోట నవ్వినందుకు తనను తనే తిట్టుకున్నాడు.

కిటికీలు పోయాయి. తలుపులు పోయాయి. అల్మారాలు ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు. మిగిలింది ఒక్క తలవాకిలి దర్వాజ, అంటే ద్వారబంధం. దాన్ని మాత్రం మిషన్ మింగలేకపోయింది, ఎందుకంటే దర్వాజకు ఆయం చూడాలి. పొడుగును వెడల్పుతో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే మిగిలేదే ఆయం. ఒకటి మిగిలితే ధ్వజం, మూడైతే సింహం, ఐదైతే ఎద్దు, ఏడైతే గజం. ఇవి మంచివి. రెండైతే పొగ, నాలుగైతే కుక్క, ఆరైతే గాడిద, ఏమీ మిగలకపోతే కాకి. ఈ జంతుశాలకు గద్వాలలో కాపలాదారు జోగయ్య ఒక్కడే. గాడిద ఆయాన్ని శాస్త్రంలో ఖరం అంటారు; జోగయ్య కొలిచి తల ఊపితే తప్ప ఎవరి దర్వాజా ఖరారు కాదు. ఆయం ఉన్నంతకాలం తనకు ఆదాయం ఉంటుందని ఆయన ధైర్యం.

ఆ ధైర్యం మీదనే ఒక బుధవారం పొద్దున చీరల వ్యాపారి వెంకట్రాములు కబురు పెడితే, భుజాన పనిముట్ల సంచి వేసుకుని పోయాడు. కొత్త స్లాబు ఇంటి ముందు రెండు రాళ్ల మీద దర్వాజ పడుకుని ఉంది. టేకుది. అద్దంలా మెరుస్తోంది. పక్కన ప్రభుదాసు అంతకన్నా మెరుస్తున్నాడు.

"ఇదేంది సేటూ, కట్టె గొనియ్యి, నేను చేస్తనంటి గద?" అన్నాడు జోగయ్య.

"నువ్వు చేసేవరకు నా పిల్లలకు పిల్లలైతరు జోగన్నా" అన్నాడు వెంకట్రాములు. "రేపు తొమ్మిదింటికి మూర్తం. జర ఆయం జూసి, నీ చేత్తో ఎత్తియ్యి. దోవతి, కొబ్బరికాయ, నీ మర్యాద నీకే."

జోగయ్య టేపు తీశాడు. కుక్క రావాలి, గాడిద రావాలి, కనీసం కాకి వాలాలి అని మొక్కుకుంటూ కొలిచాడు. పొడుగు ఎనభై ఐదు అంగుళాలు. వెడల్పు నలభై మూడు. మనసులో హెచ్చించాడు. భాగించాడు. ఏడు మిగిలింది.

మళ్లీ కొలిచాడు. మళ్లీ ఏడే. గజం! రాజులకు పెట్టాల్సిన ఆయం.

"నీ దర్వాజలన్నీ గిదే కొలతనా?" అని ప్రభుదాసును అడిగాడు, ఏమీ తెలియనట్టు.

"మిషన్ల ఒక్కసారి పెడితే ఎన్నైనా గదే కొలత జోగన్నా. వనపర్తికి ఇరవై పంపిన."

జోగయ్య చేతిలోంచి టేపు జారింది. ఇది గజమని ఒక్కసారి నోరు జారితే, గద్వాల నుంచి వనపర్తి దాకా ప్రతి ఇంటికీ ఈ ఏనుగే వచ్చి నిలబడుతుంది. ఇక ఆయం చూడమని ఎవడూ పిలవడు. ఏనుగు నడిచే దారిలో తన కడుపే పడి ఉంది.

"ఏం వచ్చిందన్నా?" అని వెంకట్రాములు భార్య కౌసల్యమ్మ ఆత్రంగా ముందుకొచ్చింది.

"కుక్క" అన్నాడు జోగయ్య.

"అయ్యో!"

"కుక్కంటే విశ్వాసం గద, ఇంటికి మంచిదేనేమో" అన్నాడు వెంకట్రాములు.

"విశ్వాసం కుక్కల ఉంటది సేటూ, కుక్క ఆయంల ఉండదు. ఇంట్లోళ్లు ఒకల మీద ఒకలు మొరుగుతనే ఉంటరు."

"గది పాత ఇంట్ల గూడ ఉన్నదే" అని వెంకట్రాములు పెళ్లాం వైపు చూశాడు. ఆమె చూసిన చూపుకు ఆయన తోక ముడిచాడు.

ఇప్పుడు సేటు 'అయితే నువ్వే ఇంకోటి చెయ్యి' అంటాడని జోగయ్య చెవులు రిక్కించాడు. అన్నది సేటు కాదు, ప్రభుదాసు. "ఎంత కోయాల్నో చెప్పు జోగన్నా. కింది కడప ఇంకా బిగించలేదు, నిలువు కట్టెలు కోస్తే అయిపాయె. రెండు నిమిషాల పని."

అందరూ తన నోటివైపే చూస్తున్నారు. జోగయ్య ఆయం మీద ఆలోచించాడే గాని, అబద్ధం తర్వాత ఏం చెప్పాలో ఆలోచించలేదు.

"అంగుళం" అన్నాడు, నోటికొచ్చిందే కొలతగా.

దర్వాజ తోపుడుబండి ఎక్కి మిషన్ దగ్గరకు పోయింది.

ఇంటికొచ్చి జోగయ్య అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి వదిలేశాడు. పొయ్యి దగ్గర బొగ్గు ముక్క తీసుకుని బండల మీద రాశాడు. ఎనభై నాలుగు ఇంటూ నలభై మూడు. ఎనిమిదితో భాగించాడు. నాలుగు మిగిలింది.

కుక్క! పొద్దున తను అబద్ధానికి పిలిచిన కుక్క, మధ్యాహ్నానికి నిజంగానే వచ్చి కూర్చుంది.

"ఏందయ్యా, నేలకేసి గట్ల జూస్తున్నవ్? బువ్వ సల్లారిపోతుంది" అంది భార్య జమ్ములమ్మ.

దాచుకోవడం చేతగాక జరిగిందంతా చెప్పేశాడు. ఆమె బొగ్గు లెక్కను చూసింది, మొగుణ్ని చూసింది.

"మంచిదాన్ని చెడ్డదంటివి. అన్నమాట నిలబెట్టుకోనికి చెడగొడితివి. పోయి చెప్పు."

"చెప్తే రేపట్నుంచి నన్నెవడు పిలుస్తడే?"

"చెప్పకుంటే, పిలిచినా పోగల్తవా నువ్వు?"

జోగయ్య లేచి బయటపడ్డాడు. కోట గోడ దాకా నడిచాడు. మిషన్ దాకా వచ్చాడు. ప్రభుదాసు "రా జోగన్నా, చాయ్ తాగుదువు" అంటే, వినపడనట్టు సేటు ఇంటివైపు తిరిగాడు. అక్కడ మామిడాకులు కడుతున్నారు. కౌసల్యమ్మ ఎదురొచ్చి, "నీ దయ అన్నా, కుక్క పీడ వదిలిస్తివి" అంది. చెప్పడానికి తెరిచిన నోరు ఆవలింతగా మారి మూసుకుంది.

తెల్లారింది. కడప బిగించిన దర్వాజకు పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. గోడ మధ్య ఖాళీలో నలుగురు మనుషులు నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు. ఆనవాయితీ ప్రకారం వడ్లాయన ముందు చెయ్యివేసి "ఎత్తుండ్రి" అనాలి. అది అనకుండా దర్వాజ లేవదు.

జోగయ్య చెయ్యి వేశాడు. పసుపు ఆరని కట్టెను వేళ్లతో తడుముతూ నిలబడ్డాడు.

"అను జోగన్నా, టైమైతుంది" అన్నాడు వెంకట్రాములు.

"ఆగుండ్రి" అన్నాడు జోగయ్య. "నిన్న నేను అబద్ధమాడిన. ముందున్న కొలతకు గజం వచ్చింది. అంగుళం కోసినంక ఇప్పుడైంది కుక్క."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కౌసల్యమ్మ గట్టిగా ఏమీ అనలేదు. "నీకేం పాపం జేసిన అన్నా నేను?" అంది మెల్లగా. ఆమె అరిచి ఉంటే జోగయ్యకు సుఖంగా ఉండేది.

వెంకట్రాములు మాత్రం అరిచాడు. "ఎందుకు జేసినవ్ ఈ పని?"

"మిషన్ కొలత మంచిదంటే నాకు పని ఉండదని."

ప్రభుదాసు నవ్వబోయి, నవ్వకుండా ఆగాడు. "అంగుళం పలక కడప కింద అతికితే సరిపాయె గద? ఇప్పుడే కోసుకొస్త" అని రెండడుగులు వేసి, తల పట్టుకున్నాడు. "కరెంటు లేదు. పది దాకా రాదు."

"మూర్తం తొమ్మిదింబావు దాటొద్దు" అన్నాడు సేటు.

జోగయ్య అప్పటికే సంచి విప్పాడు. ఇంటి మూల కిటికీలకు కోసి పడేసిన టేకు ముక్కల్లో ఒక పొడుగు పలక దొరికింది. రంపం, రంధా, ఉలి. చెమట కారి కళ్లలో పడుతుంటే తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. దర్వాజ పట్టుకున్న నలుగురూ దాన్ని కింద పెట్టి చుట్టూ కూర్చున్నారు. ప్రభుదాసు గొంతుకూర్చుని పలక అవతలి కొస పట్టుకున్నాడు. "జర గట్టిగ పట్టు, కదుల్తుంది" అని జోగయ్య గదిమితే, గట్టిగా పట్టుకున్నాడు. నాలుగు కట్టె మేకులు దిగాక, జోగయ్య టేపు తీసి ప్రభుదాసు చేతికే ఇచ్చాడు.

"నువ్వే కొల్వు."

"ఎనభై ఐదు. నలభై మూడు."

"భాగించు ఎనిమిదితోని."

ప్రభుదాసు జేబులోంచి పెన్సిలు తీసి అరచేతిలో లెక్క వేశాడు. "ఏడు" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఎత్తుండ్రి" అన్నాడు జోగయ్య.

దర్వాజ లేచింది. కొబ్బరికాయ కొట్టారు. వెంకట్రాములు ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. దోవతి తను ఇవ్వలేదు, కౌసల్యమ్మ తెచ్చి జోగయ్య చేతిలో పెట్టి లోపలికి పోయింది. జోగయ్య దాన్ని సంచిలో కుక్కుకుని బయటికి నడిచాడు.

గేటు దగ్గర ఎదురింటి మార్కండేయ ఆపాడు. ఆయన మగ్గం పని చేసుకునేవాడు, ఈ మధ్యనే పునాది తీశాడు. "జోగన్నా, రేపు జర మా ఇంటికి గూడ రావాలె. దర్వాజ ఆయం జూడనీకి."

జోగయ్య వెనక్కి తిరిగి చూశాడు. కొత్త దర్వాజ పక్కన నిలబడిన ప్రభుదాసు, అరచేతిలో వేసిన లెక్కను సిగరెట్ పెట్టె మీదకు ఎక్కించుకుంటున్నాడు.

"ఆయన్నడుగు" అన్నాడు జోగయ్య. "ఇప్పుడు ఆయనకూ తెల్సు."

అని సంచి ఒక భుజం మీది నుంచి రెండో భుజం మీదకు మార్చుకున్నాడు. నాలుగడుగులు వేసి, మళ్లీ మొదటి భుజానికి మార్చుకున్నాడు.