తేదీ వెయ్యని సంతకం

శేషుకుమారి ప్రింటరు మీంచి కాగితాలు తీసి, చదవబోయే ముందు రెండు అరచేతుల మధ్యా కాసేపు అదిమి పట్టుకుంది. అక్కడ జులై అంటే నడి చలికాలం; ఆ ఆఫీసు హీటరు కన్నా అప్పుడే అచ్చయిన కాగితమే వెచ్చన. పదిహేడేళ్ళుగా ప్రతి జీతాల గురువారమూ ఆమె తనకు తాను చేసుకునే గారాబం అదొక్కటే.

తర్వాత స్కేలు తీసి మొదటి వరస కింద పెట్టింది. పొట్టి మనిషి. ఈ దేశంలో ఏ స్వెటరు కొన్నా చేతులు పొడుగే కాబట్టి రెండు మడతలు పెట్టుకుంటుంది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంగరం వదిలేసి నాలుగేళ్ళయింది. పారమట్టాలోని ఆ చర్చి కార్యాలయంలో తొంభై నలుగురు పాస్టర్లకు జీతాలు వేసేది ఆవిడే. ఎవరు చర్చి ఇచ్చిన ఇంట్లో ఉంటున్నారో, ఎవరు బయట అద్దెకుంటూ ఇంటి భత్యం తీసుకుంటున్నారో, ఎవరి ఇంటి కప్పు కారుతోందో అన్నీ తెలుసు. ఒక్క ఇల్లూ చూసి ఎరగదు. ఆవిణ్ణీ ఎవరూ చూసి ఎరగరు. జీతం సరిగ్గా పడితే దాన్ని వేసినవాళ్ళెవరని ఎవరడుగుతారు?

పదకొండున్నరకు ఫోను మోగింది. మూడో రింగు దాకా మోగనివ్వడం ఆమెకు చేతకాదు.

"శేషుకుమారిగారూ, నేను సరోజినినమ్మా. కృపానందం పాస్టరుగారి భార్యని. వెస్ట్‌మీడ్ హాస్పిటల్ నించి మాట్లాడుతున్నాను." కాస్త ఆగింది. "ఇవాళో రేపో అంటున్నారు డాక్టర్లు. మీరు తిప్పి పంపిన ఫారం నా బ్యాగులోనే ఉంది. ఏం చెయ్యమంటారు?"

శేషుకుమారి చేతిలో స్కేలు కదిలి వరస తప్పింది.

ఆ ఫారం రెండు వారాల కిందటే వచ్చింది. కృపానందంగారు జబ్బుపడ్డాక తెలుగు క్రైస్తవ సంఘానికి కొత్త పాస్టరు వస్తున్నాడు. అతని కోసం, తాము తొమ్మిదేళ్ళు కాపురమున్న చర్చి ఇల్లు ఖాళీ చేసి, వీళ్ళు ఆసుపత్రి దగ్గర ఫ్లాటొకటి మాట్లాడుకున్నారు. దాని అద్దె ఇంటి భత్యం నించి నేరుగా ఏజెంటుకి వెళ్ళాలి. ఫారంలో అన్నీ ఉన్నాయి, సంతకంతో సహా. సంతకం పక్కన తేదీ లేదు. "దయచేసి తేదీ వేసి పంపండి" అని పసుపు చీటీ అంటించి తిప్పి పంపింది. అందరికీ అలాగే పంపుతుంది. ఆ చీటీ అందిన రోజే ఆయన ఆసుపత్రిలో చేరారు.

లేచి మేనేజరు గదిలోకి వెళ్ళింది. భార్గవ్‌ది వరంగల్. ఆమె కొడుకు వయసువాడు. విని కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆంటీ, మూడింటికి జీతాల ఫైల్ లాక్ ఐతది. తర్వాత నేను జెప్పినా సిస్టమ్ వినది. రూల్ మీకు తెల్వందా? పాస్టర్ పోయేనాటికి భత్యం మొదలైతేనే వైఫ్‌కి ఇంకో ఆర్నెల్లు నడుస్తది. మొదలుగానిది, మనిషి పోయినంక మొదలుపెట్టలేం. డేటే గదా, ఆరోజు మీరే వేసేస్తే ఐపోవు."

"వాళ్ళ చేత్తో రాయాల్సింది నేను రాయను బాబూ."

"రాయలేదు. ఇప్పుడు జూడుండ్రి."

ఆ మాట చురుక్కుమంది. శేషుకుమారి కోటు తొడుక్కుంది. జీతాల రోజు ఆవిడ సీటు వదిలి వెళ్ళడం పదిహేడేళ్ళలో అదే మొదలు.

వీధుల్లో పట్టాల మీద నడిచే లైట్ రైల్లో కూర్చున్నాక భర్త ఫోన్ చేశాడు. ఇంట్లోంచే కంప్యూటర్ పని చేసుకునే శివప్రసాద్‌కి ఆమె లంచ్ బాక్సు సర్దడం ఓ సరదా.

"కందిపొడి అన్నం కింద నెయ్యి దాచాను. దొరికిందా దొంగా?"

"ఇంకా తెరవలేదండీ. మీరేం మాట్లాడకుండా కాసేపు లైన్లో ఉండండి."

ఎందుకని అడగలేదాయన. కుక్కరు కూత వినిపించింది, తర్వాత కొళాయి చప్పుడు. ఆమె కిటికీకి తల ఆనించింది. ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక ఏజెంటు ఇస్తానన్న ఇంటిని ఇంకొకరికిచ్చేస్తే, రైస్ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని పేవ్‌మెంటు మీద సాయంత్రం దాకా కూర్చున్నారు ఇద్దరూ. సరోజిని సామాను ఇప్పుడు చర్చి హాల్లో అట్టపెట్టెల్లో ఉంది. రేపటికి అద్దె అందకపోతే ఫ్లాటు వేరేవాళ్ళకి.

వార్డులో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. సరోజిని ఆయన జుట్టు దువ్వుతోంది.

"తనని చూడ్డానికి మీరొస్తున్నారంటే దువ్వమన్నారమ్మా."

కృపానందంగారు కళ్ళు తెరిచి కిందినుంచి పైకి చూశారు. "ఫోన్లో గొంతు విని ఆరడుగుల మనిషనుకున్నా."

"గొంతుకే పోయిందండీ ఎత్తంతా."

ఆయన నవ్వబోతే దగ్గొచ్చింది. అది ఆగాక సరోజిని ఆయన వీపు వెనక దిండు సర్దింది. శేషుకుమారి ఫారం కింద తన హ్యాండ్‌బ్యాగు పెట్టి పట్టుకుంది. సూది గుచ్చిన చేత్తోనే ఆయన పెన్ను అందుకున్నారు.

"తేదీ ఎంత ఇవాళ?"

"ఇరవై నాలుగండీ."

రెండు వేసి ఆగారు. పెన్ను జారింది. సరోజిని తీసి మళ్ళీ వేళ్ళ మధ్య పెట్టింది గాని చెయ్యి పట్టి రాయించలేదు. నాలుగు పడింది. నెల పడింది. సంవత్సరం పడేసరికి గోడ మీద గడియారం ఒకటీ నలభై.

"పోయినసారి హాల్ టికెట్ నంబరు మర్చిపోయానమ్మా," అన్నారు. "ఈసారి పాసేనా?"

"పాసేనండీ."

తిరుగు ప్రయాణంలో రెండో స్టేషన్ దాటాక బండి ఆగిపోయింది. ముందు పట్టాల మీద ఎవరిదో కారట. తలుపులు తెరవరు. పద్దెనిమిది నిమిషాలు నిలబడే ఉంది, కూర్చుంటే ఇంకా ఆలస్యమవుతుందన్నట్టు.

రెండూ నలభై ఎనిమిదికి సీట్లో పడింది. ఏజెంటు పేరు, ఖాతా నంబరు. ఒక అంకె తప్పింది, చెరిపింది. మళ్ళీ కొట్టింది. రెండూ యాభై నాలుగుకి ఫోను మోగింది. తెర మీద సరోజిని పేరు.

మూడో రింగు. నాలుగోది. తీస్తే ఏం వినాలో ఆమెకు తెలుసు. విన్నాక ఈ పేరు మీద కొత్త భత్యం ఎక్కించడానికి చెయ్యి రాదనీ తెలుసు. ఫోను మోగి మోగి ఆగింది. ఆమె అంకెలన్నీ ఫారంతో మరోసారి సరిచూసి మీట నొక్కింది. రెండూ యాభై ఆరు.

మూడు దాటాక తనే చేసింది.

"నిద్రలోనేనమ్మా," అంది సరోజిని. "రెండున్నరకి. మీరు పాసన్నాక ఇంక పడుకుంటానన్నారు."

శేషుకుమారి ఫారం పట్టుకుని భార్గవ్ గదికి వెళ్ళి నిలబడే చెప్పింది.

"ఆయన తేదీ వేసింది ఒకటీ నలభైకి. ఆయన పోయింది రెండున్నరకి. నేను ఎక్కించింది రెండూ యాభై ఆరుకి. మధ్యలో ఆవిడ ఫోన్ చేస్తే తియ్యలేదు బాబూ. కావాలనే. ఏం రాసుకుంటారో రాసుకోండి."

భార్గవ్ ఫారం అందుకున్నాడు. వంకర పోయిన ఆ నాలుగు అంకె మీద బొటనవేలు పెట్టాడు.

"ఇవాళ్టి డేట్ ఉంది. ఫారం మీద టైమ్ రాసే గడి లేదు ఆంటీ," అన్నాడు మెల్లగా. "ఇవాళే మొదలైనట్టు. ఆ అమ్మకి ఆర్నెల్లు నడుస్తది. నేను సంతకం పెడ్త." పెట్టి, కింద తేదీ కూడా వేశాడు.

ఆమె తలుపు దాకా వెళ్ళాక పిలిచి, టేబుల్ మీదున్న కవరు ఇచ్చాడు. మధ్యాహ్నం పోస్టులో వచ్చిందట, ఖాళీ చేసిన చర్చి ఇంటినుంచి సరోజిని పంపింది, మొన్నటి తపాలా ముద్రతో.

సీట్లో కూర్చుని విప్పింది. ఒక ఇనప రింగు, నాలుగు తాళంచెవులు. ఒక్కోదానికి బిస్కెట్ల డబ్బా అట్టముక్క కట్టి ఉంది, దాని మీద పెన్సిల్‌తో గుండ్రటి తెలుగు అక్షరాలు, కొత్తగా దిగబోయేవాళ్ళ కోసం. వీధి తలుపు. పెరటి తలుపు, కొంచెం పైకెత్తి తిప్పాలి. గరాజు. నాలుగోది అన్నిటికన్నా చిన్నది, తుప్పు పట్టలేదు, ఎవరో అప్పుడప్పుడూ నూనె రాస్తున్నట్టు మెరుస్తోంది. దాని అట్ట మీద రాసి ఉంది: "ఇది దేనిదో తొమ్మిదేళ్ళలో మాకు తెలియలేదు. పారేయకండి."