ఆపిల్ చెట్టుకు మేలిముసుగు

"జరుగమ్మా, ఊడవాలి" అని బాతిమ అనగానే ఆపిల్ చెట్టు వేళ్ళు పైకి లాక్కుని రెండడుగులు పక్కకి జరిగేది. ఆమె రాలిన ఆకులన్నీ ఊడ్చేశాక మళ్ళీ వచ్చి తన గుంటలో నిలబడేది. ఆ బొటానికల్ గార్డెన్‌లో నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే జరిగే పనే ఇది. దారిన పోయేవాళ్ళు "పిల్లని బాగా పెంచావు, బాతిమక్కా" అని ఒక మాట అనేసి పోయేవాళ్ళు. తోటమాలిగా చేరిన ఏడాది ఊరి వెనకున్న అలతౌ కొండ మీంచి గింజ తెచ్చి నాటింది తనే. మిగతా తోటంతా ఆమెకి ఉద్యోగం. ఇదొక్కటే కడుపున పుట్టినట్టు.

కొత్త డైరెక్టరు ఒరాల్బెక్‌కి మాత్రం చెట్టంటే బల్బులు తగిలించుకునే కొక్కెం. అంతకు ముందు బజార్లో షాపులకి అలంకరణలు చేసేవాడట. వచ్చిన నెలలోనే చలికాలమంతా 'వెలుగుల వనం' అని ప్రకటించాడు. లారీల నిండా సరుకు దిగింది. పచ్చగా మెరిసే పుట్టగొడుగులు, కడుపులో కరెంటు పెట్టుకున్న జింకలు, ఈ కొండల్లో ఎవడూ చూసి ఎరగని గులాబీ కొంగలు. నిజం గులాబీ మొక్కల్ని గడ్డితో కప్పేసి వాటి నెత్తిన ప్లాస్టిక్ గులాబీలు గుచ్చాడు. బాతిమకి నవ్వు కూడా రాలేదు. నవ్వడానికైనా కాస్త యోగ్యత ఉండాలి కదా.

బల్బుల తీగలు ఆపిల్ చెట్టు దగ్గరికి వచ్చిన రోజు మాత్రం ఆమె ఆఫీసుకి వెళ్ళింది.

"డైరెక్టరు గారూ, మిగతావాటికి ఏం కట్టుకుంటారో కట్టుకోండి. దీన్ని వదిలెయ్యండి. చలికాలం చీకట్లో నిద్రపోకపోతే వసంతం వచ్చిందనుకుని జనవరిలోనే మొగ్గ తొడుగుతుంది. మంచుకి మాడి చచ్చిపోతుంది."

"రాత్రి నిద్ర పట్టకపోతే పగలు పడుకోమనండి" అన్నాడు ఒరాల్బెక్, ఫోను మీంచి కళ్ళెత్తకుండా. "గేటుకి ఎదురుగా అదే ఉంది. ఎనిమిది వేల బల్బులు పడతాయి."

బాతిమ తిరిగి చెట్టు దగ్గరికి వచ్చింది. చెట్టుని ఎక్కడికైనా పొమ్మందామంటే ఊరంతా వీధి దీపాలే. చెప్పందే కదిలే పిల్లా కాదు.

ప్రారంభానికి అతగాడికి ఇంకో బుద్ధి పుట్టింది. చెట్టుకి తెల్లటి ముసుగు కప్పి, ఆ ఊళ్ళో పెళ్ళికూతురికి చేసినట్టే, రెండు తీగల దోంబ్రా వాయించే పాటగాడి చేత ముసుగు తీసే పాట పాడించి, అప్పుడు బల్బులు వెలిగిస్తాడట. ఆ పాట ఆటకి పాడేది కాదు. అది పాడారంటే ముసుగులో ఉన్నది కోడలైపోయినట్టే. బాతిమ ఆ మాట అతనికి చెప్పి ఉండాల్సింది. కానీ తెలియనివాడికైతే చెప్పొచ్చు, ఈ గడ్డ మీద పుట్టి తెలిసి వేషాలేసేవాడికి ఏం చెప్తాం అని ఊరుకుంది.

సాయంత్రం చీకటి పడుతుండగా జనం పోగయ్యారు. చెట్లని చూసినవాడు లేడు, అందరూ చెట్లకి వీపు పెట్టి తమ మొహాలకే ఫొటోలు తీసుకుంటున్నారు. పాటగాడు గొంతు సవరించుకున్నాడు. పాటకి అత్తగారంటూ ఒకరు ఉండాలి కదా. ముందు వరసలో శాలువా కప్పుకుని ఒరాల్బెక్ తల్లి కలీపా కనిపించింది. ఆవిడ పేరే కట్టి పాడేశాడు. "అదిగో అత్తగారు, వంగి దండం పెట్టు!"

ఆపిల్ చెట్టు వంగింది. కొమ్మలు నేలకి తాకేలా, తొణక్కుండా, నిదానంగా వంగింది. పాటగాడు కర్రతో ముసుగు పైకెత్తాడు.

"ఎంత ఒద్దికో!" అంది కలీపా. నలభై నాలుగేళ్ళ కొడుక్కి పెళ్ళి కాలేదని ఇరవై ఏళ్ళుగా కుమిలిపోతున్న మనిషి ఆవిడ. లేచి వచ్చి తన చెవుల వెండి దుద్దులు తీసి రెండు కొమ్మలకి తగిలించింది. అక్కడ దుద్దులు పెడితే పెళ్ళికి మాట ఇచ్చినట్టే. ఆనవాయితీ ప్రకారం జనం మీద మిఠాయిలు చల్లారు. పిల్లలు మంచులో పడి ఏరుకున్నారు.

"అమ్మా, ఇది షో!" అన్నాడు ఒరాల్బెక్.

"పెళ్ళికొడుకు మాట్లాడకూడదు" అంది తల్లి. "పిల్ల తల్లి ఎవరు?"

అందరూ చీపురు పట్టుకుని నిలబడ్డ బాతిమని చూపించారు.

"వదినా, నా కొడుకు సంగతి నాకు తెలుసు" అంది కలీపా. "వాడి వంకలు ఎంచుకుంటూ పోతే తెల్లారిపోతుంది. కానీ ఇంట్లో మాట నాది. పిల్లని ఇస్తావా?"

ఇలాంటివాడికి ఎండు పుల్ల కూడా ఇవ్వకూడదు అనుకుంది బాతిమ. కానీ ఇవ్వనంటే ఈ గుంటలోనే, ఎనిమిది వేల బల్బుల కింద, తన కళ్ళముందే చచ్చిపోతుంది.

"మీ ఇంట్లో దీపం ఎన్నింటికి ఆర్పుతారు?" అని అడిగింది.

"చీకటి పడగానే. వెలుతురుంటే నాకు కునుకు పట్టదు."

బాతిమ బల్బుల తీగలు తనే విప్పింది. చలికి చేతివేళ్ళు గడ్డకట్టి ఆలస్యమైంది. తర్వాత మొదలుని ఒకసారి నిమిరి, "వెళ్ళమ్మా, వెనక్కి తిరిగి చూడకు" అంది. కలీపా ఒక కొమ్మ పట్టుకుని ముందు నడిచింది. గేటు దాటేదాకా చెట్టు వెనక్కి చూడలేదు. బాతిమ గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది. ఎవరూ చూడలేదు. జనం అప్పటికే జింకల దగ్గరికి వెళ్ళిపోయారు.

షో వసంతం దాకా నడిచింది. డైరెక్టరు మాత్రం రోజూ పొద్దు గుంకగానే ఇంటికి పరుగెత్తేవాడు, కోడలి పాదాల దగ్గర మంచు సర్దే పని తల్లి అతనికే అప్పజెప్పింది మరి. ఊరందరికీ దీపాలు పెట్టినవాడు తన వాకిట్లో చీకట్లో తడుముకుంటూ తిరిగేవాడు. తల్లి లోపల్నించి "మెల్లగా నడువు, మీ ఆవిడ పడుకుంది" అనేది.

ఏప్రిల్లో బాతిమ వియ్యపురాలి హోదాలో మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళింది. కలీపా ఆమెని వాకిట్లో మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టి, పాలు పోసిన టీ ఇచ్చింది. చెట్టు నిండా పూలు. ఒరాల్బెక్ బురద బూట్లతో గొట్టం పట్టుకుని చెట్టు మొదట్లో నీళ్ళు పెడుతున్నాడు.

"మొదట్లో కాదు మొద్దూ, చుట్టూ పెట్టాలి" అంది బాతిమ.

అతను గొట్టం జరిపి చుట్టూ పెట్టాడు. కాసేపటికి దగ్గరికి వచ్చి, తల్లికి వినపడకుండా అడిగాడు. "అత్తయ్యా, పొద్దు పోయాక నేను వాకిట్లో కూర్చుంటే ఒక కొమ్మ వచ్చి నా భుజం మీద పడుతుంది. నీళ్ళు పెట్టినా తియ్యదు. ఏం కావాలంటుందో తెలియడం లేదు."

బాతిమ టీ గిన్నె కింద పెట్టింది.

"ఏమీ అక్కర్లేదురా. ఉన్నావో లేదో చూసుకుంటోంది" అంది. "నలభై ఏళ్ళు నా భుజం మీదా అలాగే వేసేది."