మూడు రోజులకోసారి చచ్చే బ్యాటరీ

కీ తిప్పితే టిక్కుమంది. మళ్లీ తిప్పితే అదీ లేదు. ఆ నెలలో ఇది ఐదోసారి. ఒళ్లు మండి స్టీరింగు మీద గుద్దాను. హారన్ కూడా మోగలేదు.

నేను నూకరాజుని. భిలాయి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాల మిల్లుకి ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఎవరికీ అంతుపట్టని ఫాల్టు వస్తే నన్ను పిలిచేవారు. అలాంటివాణ్ణి, రుఆబాంధాలో మా క్వార్టరు పక్కన రేకుల షెడ్డులో ఊరికే నిలబడే కారుకి మూడు రోజులకోసారి బ్యాటరీ ఎందుకు పోతోందో కనిపెట్టలేకపోయాను. ఎవరికైనా చెప్పుకుంటే నవ్విపోతారు.

చేయని పని లేదు. కొత్త బ్యాటరీ వేశాను, అదీ పోయింది. ఇంజను నడిపి చూశాను, ఛార్జింగు బాగానే ఎక్కుతోంది. తలుపులకు తాళం వేసి, బ్యాటరీ తీగ ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టి అరగంట కూర్చున్నాను. ఆగి ఉన్న కారు కూడా గడియారానికనీ తాళానికనీ కాస్త కరెంటు తాగుతుంది. అంతకు మించి తాగితే లోపల దొంగ ఉన్నట్టు. మీటరు పాతిక మిల్లీ యాంపులు చూపించింది. అంటే దొంగ లేడు. నమ్మకం కుదరక ఫ్యూజులన్నీ ఒక్కోటే పీకి చూశాను. వెనక కెమెరా మీద అనుమానం వచ్చి దాన్నీ పీకేశాను. పాపం, దాని తప్పేమీ లేదు. ఇప్పటికీ డిక్కీలో పడుంది.

చివరికి సిగ్గు విడిచి సుపేలా నుంచి మెకానిక్ జితేంద్రని పిలిపించాను. ఖుర్సీపార్‌లో పుట్టి పెరిగిన మన తెలుగువాడే, నలభై దాటినవాడు. అంతా చూసి చేతులు తుడుచుకున్నాడు.

"బాబాయ్, గాడీ బిల్కుల్ ఠీక్ ఉంది. మీరే ఏదో లైటు వేసి మర్చిపోతన్నారేమో."

"ఏటి, నేను మర్చిపోతానా? మిల్లునే నడిపించినోణ్ణి, నాకు సెప్తావేటి నువ్వు?"

"పక్కనే ఉన్నాను కదా బాబాయ్, ఎందుకలా అరుస్తారు? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొరక్కపోతే నాకిచ్చీండి, అమ్మిపెడతాను."

"ఆదివారం దాకా సూస్తాను. దొరికిందా సరే. లేదా తోలుకుపో, నాకీ దరిద్రం వద్దు."

కోపంలో అన్న మాటే. కానీ అన్నాక అన్నట్టే. నా భార్య కామాక్షి టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"నిజంగా అమ్మేస్తారేటండి?" అంది.

"మరి ముద్దెట్టుకోమంటావా?"

గ్లాసులు అక్కడే పెట్టి లోపలికెళ్లిపోయింది. ఆ పూట పప్పులో ఉప్పు మర్చిపోయింది. దానికో పావుగంట అరిచాను.

శుక్రవారానికి బుర్రకి తట్టింది. నేను పక్కన కూర్చున్నంతసేపూ కారు బాగానే ఉంటోంది. అంటే నేను లేనప్పుడు ఏదో జరుగుతోంది. ఇలాంటి వాటికి మిల్లులో ఒకటే మందు, దూరం నుంచి కాపు కాయడం. బ్యాటరీ నుంచి రెండు తీగలు పూలకుండీల వెనకగా లాగి పడకగది కిటికీలో వోల్టు మీటరుకి కలిపాను. మధ్యాహ్నం అన్నం తిని, రోజూ పడుకున్నట్టే పడుకుని, దాన్నే చూస్తూ ఉన్నాను.

పన్నెండు పాయింట్ ఆరు. రెండు కొట్టినా అంతే. రెండుంపావుకి గభాలున పన్నెండు పాయింట్ ఒకటికి పడిపోయింది. దొరికావురా అనుకుని లుంగీ ఎగ్గట్టి షెడ్డులోకి పరిగెత్తాను.

వెనక సీట్లో కామాక్షి ఉంది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. కారు ఫ్యాను తిరుగుతోంది, రేడియో సన్నగా పాడుతోంది. కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కళ్లు మూసుకుంది. ఆమె మొహం అంత నిమ్మళంగా ఉండగా చూసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

తలుపు లాగాను. ఉలిక్కిపడి ముందుకి వంగి రేడియో కట్టేసింది.

"ఏటే ఇది? ఎన్నాళ్లనుంచి?"

"మీరు పడుకున్నాక, రోజూ రెండు గంటలు. ఫ్యాను లేకపోతే ఉక్కపోత. దీనివల్లే బ్యాటరీ పోతాదని నాకేటి తెలుసు? మొన్న జితేంద్ర లైటు అన్నప్పుడు అనుమానం వచ్చినాది. సెప్తే అరుస్తారని సెప్పలేదు. మానేద్దారంటే మనసొప్పలేదు."

"ఇంట్లో ఫ్యాను లేదేటి? మంచం లేదేటి?"

"ఇంట్లో మీ గొంతు ఉన్నాది," అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. "మీరు డ్యూటీకెళ్లే రోజుల్లో ఎనిమిది గంటలు ఇల్లు నాది. ఇప్పుడు లెగిసిన కాడ్నుంచి టీవీ మీద, పేపరు మీద, నా మీద కేకలే. ఈ అద్దాలెత్తితే ఏటీ వినపడదు. నాకిదొక్కటే మిగిలింది. దాన్నీ అమ్మేస్తానన్నారు."

సమాధానం చెబుదామని నోరు తెరిచాను. అది కూడా కేకే అయ్యేది. మూసేశాను. మిల్లు మోతలో పక్కవాడికి వినబడాలంటే అరవాల్సిందే. కానీ మిల్లు వదిలి రెండేళ్లయింది. ఇంకా ఎవరి మోతకి అరుస్తున్నానో నాకే తెలియలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

శనివారమంతా షెడ్డులోనే ఉన్నాను. ఇంట్లో పాత ఇన్వర్టరు బ్యాటరీ ఉంటే మూలన పెట్టి, రేడియోనీ ఒక చిన్న ఫ్యానునీ దానికి కలిపాను. ఇక కారు బ్యాటరీతో వాటికి పని లేదు. పనిముట్ల పెట్టెలో మిల్లునాటి ఎర్ర అట్ట ఒకటి దొరికింది. లైన్లో మనిషి పనిచేస్తుంటే స్విచ్చికి దాన్ని తగిలిస్తాం. తగిలించినవాడే తీయాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. దాన్ని తెచ్చి కామాక్షి చేతిలో పెట్టాను. ఆమె దాని దుమ్ము కొంగుతో తుడిచింది.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి జితేంద్ర వచ్చాడు. గేటు దగ్గర్నుంచే గట్టిగా అడిగాడు.

"ఏటి బాబాయ్, దొరికిందా ఫాల్టు?"

కారు తలుపుకి ఎర్ర అట్ట వేలాడుతోంది. గబగబా ఎదురెళ్లి అతని భుజం పట్టుకున్నాను.

"దొరికింది. కారు అమ్మను," అన్నాను. "మెల్లిగా మాట్లాడు, లోపల మనిషుంది."