రొచ్చు అని రాసిన చేయి

శంషాబాద్‌లోని ఆ సర్వే కార్యాలయంలో లలితకుమారి గుమస్తా. కాన్వెంటులో చదివిన నాటి నుంచీ ఏ సంగతికైనా సరిగ్గా అతికే మాట వెతకడం ఆమెకు అలవాటు. 1998 వేసవిలో పై అధికారి గోపయ్యదొడ్డి అనే పేదల వాడను చూసివచ్చి, ఇరవై రెండు ఇళ్లని, ఏ గోడమీదా నెంబరు లేదని, మురికిగా ఉందని మాత్రం చెప్పాడు. మురికి అన్న మాట ఆమెకు చప్పగా తోచింది. "రొచ్చు. ఇంటి నెంబర్లు లేని ఇరవై రెండు ఆక్రమణలు" అని నివేదిక రాసి పంపింది. కూల్చాల్సి వస్తే నెంబరున్న ఇంటికే బదులు స్థలం ఇస్తారు. పది రోజులకు కొత్త రోడ్డు కోసం ఆ ఇళ్లు పడగొట్టారు.

మర్నాడు రేణుకమ్మ అనే ముసలామె వచ్చి, కొంగులో మోసుకొచ్చిన గోడపెళ్లను లలితకుమారి బల్లమీద పెట్టింది. పచ్చి మట్టివాసన గదంతా కమ్ముకుంది.

"మా వాడకు ఏమని రాసిండ్రమ్మా?"

లలితకుమారి చదివి వినిపించింది.

రేణుకమ్మ నవ్వింది. "రొచ్చంటే ఎరుకేనా? కొట్టంల పసుల ఉచ్చ, పెండ కలిసి నిలిచేది. దాన్ని తట్టలకెత్తి పొలంల పోసినం. పొలం పోయింది, పసులు పోయినయ్. ఇగ మా గడపల నిలిచింది మీ కాలనీ మోరీ నీళ్లు. దానికి మా రొచ్చు పేరెందుకు పెట్టిండ్రు?"

లలితకుమారి ఇల్లు ఆ కాలనీలోనే, పల్లానికి ఆ మురుగుకాలువ తిరిగే మలుపులోనే ఉంది.

నెంబర్లు ఎందుకు లేవని మెల్లగా అడిగింది. అంతకుముందు ఇళ్లు లెక్కించడానికి వచ్చినవాళ్లు గోడలమీద జాజుతో, ఆ ఎర్రమట్టి రంగుతో, నెంబర్లు రాసిపోయారట. అధికారి వస్తున్నాడని తెలిసి, తమను గలీజువాళ్లని అనుకోకూడదని ఆడవాళ్లంతా ఒక్క పూటలో గోడలన్నీ కొత్తగా అలికారట. రేణుకమ్మ పెళ్లను గోరుతో గీరింది. పైపూత రాలి, ఎర్రగా పదిహేడో నెంబరు కనిపించింది.

ఆ సాయంత్రమే లలితకుమారి రెండో నివేదిక రాసింది. ఆ మాట తనదని, ఆ నీళ్లు తమ కాలనీవని, నెంబర్లు పూత కింద ఉన్నాయని రాసి సంతకం చేసింది.

ఉద్యోగం మీద ఆశ లేదా అని అధికారి అడిగాడు. ముందా మట్టిని బయట పారేయమన్నాడు.

"అది ఫైల్లో భాగం సార్. నేను తీయను."

నడివేసవిలో కూడా ఆ పెళ్ల ఆరలేదు. ఎవరూ నీళ్లు చల్లకపోయినా పొద్దున్నే తడిగా ఉండేది. తాకితే వేలికి జాజు అంటుకునేది. ఇరవై రెండు ఇళ్లకూ స్థలం మంజూరైందన్న కాగితం వచ్చిన రోజున మాత్రం అది పొడిపొడిగా రాలిపోయింది. వాసన పోలేదు.