చేతులు ఒళ్ళో పెట్టుకో

"ఈ పూటకి పాపకి గుండీలు నువ్వే పెట్టెయ్. అక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమని కూడా చెప్పు" అన్నాడు భర్త, అద్దంలో తల దువ్వుకుంటూ.

ఆమె చేతిలో కూతురి చొక్కా ఉంది. కూతురికి ఇరవై దాటినా అందరికీ ఇంకా పాపే. పుట్టినప్పటి నుంచి బుద్ధీ నెమ్మదే, వేళ్ళూ నెమ్మదే. అలాంటి పిల్లకి గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి ఏళ్ళు పట్టింది. పైనుంచి మొదలుపెడితే వంకర పోతుందని, కంటికి కనబడే కింది గుండీ నుంచి నేర్పింది. మొదటిసారి అన్నీ సరిగ్గా పెట్టుకున్న రోజు పాప ఇల్లంతా తిరిగి అద్దానికీ, గోడలకీ చూపించుకుంది. ఆయన మాత్రం పేపర్లోంచి తలెత్తకుండానే "మంచిదే" అన్నాడు.

ఇవాళ పాపను వైద్యుల బోర్డుకు చూపించాలి. వైకల్యం తీవ్రమైనదని వాళ్ళు రాస్తేనే ఆయన జీతం మీద పన్ను రాయితీ పూర్తిగా దొరుకుతుంది. చట్టం దృష్టిలో పాపను పోషిస్తున్నది ఆయనే. లాబ్‌లో ఉద్యోగం మానేసి స్నానాలూ, పక్కబట్టలూ, మందులూ చూసుకుంటున్న తనకి ఆ కాగితాల్లో ఎక్కడా చోటు లేదు. "ఇంట్లో కూర్చునేదానికి పన్నేమిటి, రాయితీ ఏమిటి" అని అత్తగారు నవ్వేది. చుట్టాలొస్తే ఆయన "మా పాప కూడా సంపాదిస్తోందండోయ్" అనేవాడు. అందరితో పాటు, కప్పులు ఎత్తుతూ ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

బోర్డులో డాక్టరమ్మ తన తెల్లకోటు పాపకి తొడిగి, "గుండీలు పెట్టుకో తల్లీ" అంది.

పాప వేళ్ళు కింది గుండీ దాకా వెళ్ళాయి. తండ్రి దగ్గాడు. వేళ్ళు ఆగిపోయాయి. పెట్టుకోనా అన్నట్టు పాప తల్లి వైపు చూసింది.

"దానికేం రాదండీ. అన్నీ మేమే చెయ్యాలి" అన్నాడు ఆయన.

"అంతేనామ్మా?" అని డాక్టరమ్మ ఆమెను అడిగింది.

కాదన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంటికెళ్ళాక జరిగే రభస కూడా కళ్ళముందు కదిలింది. "అంతేనండీ" అంది. పాప చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి.

బయటికి రాగానే ఆయన పాప తల నిమిరి "భేష్" అన్నాడు. ఆయన నోట ఎప్పుడూ వినని ఆ మాటకి పాప ముఖం చేటంతయింది.

మర్నాడు పొద్దున స్నానమయ్యాక ఆమె పాపకి చొక్కా తొడిగి పక్కకి జరిగింది. పాప కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నిన్నటితో అయిపోయింది బంగారూ. పెట్టుకో."

పాప తల అడ్డంగా ఊపింది.

"పోనిద్దూ. మళ్ళీ బోర్డుకెళ్ళినప్పుడు మనకి బెంగ ఉండదు" అన్నాడు ఆయన, బూట్లు వేసుకుంటూ.

ఆమె ఆయన వైపు తిరిగింది. "బోర్డుకి ఇవాళే వెళ్తున్నాం, నేనూ పాపా. నిన్న అబద్ధం చెప్పానని చెప్తాను."

ఆయన తలెత్తి చూశాడు. "వెళ్ళి ఏం చూపిస్తావ్?" అన్నాడు.

ఆమె పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒళ్ళోని చేతుల్ని మెల్లగా పైకి తియ్యబోయింది. పాప వేళ్ళు ఇంకా గట్టిగా బిగించుకుని, తండ్రి వైపు తిరిగి నవ్వింది.