పదిహేను జేబుల కుండీ

వానపాములు పైకి వచ్చాయి. మొదట ఒకటే అనుకున్నాను. కుండీ చుట్టూ తిరిగి చూస్తే కింది అంతస్తులో ప్రతి జేబులోంచీ ఒకటో రెండో బయటికి వేలాడుతున్నాయి. వాన పడి పదిహేను రోజులైంది. ఒకదాన్ని పుల్లతో కదిపాను. కదల్లేదు.

ఆ కుండీ ఇందుజ గారు ఆన్‌లైన్‌లో తెప్పించారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఐదు అంతస్తులు, అంతస్తుకు మూడు జేబులు, జేబుకో స్ట్రాబెర్రీ మొక్క. మధ్యలో పైనుంచి కింది దాకా చిల్లుల గొట్టం. అందులో నీళ్ళు పోస్తే పదిహేను మొక్కలకూ అందుతాయి. గణపవరం దగ్గర చేపల చెరువుల మధ్య ఉన్న ఆ ఊళ్ళో స్ట్రాబెర్రీ కాస్తుందంటే ఎవరూ నమ్మలేదు. నవంబరులో నేనూ ఇందుజ గారి కూతురు పింకీ కలిసి నాటాం. పింకీ ఒకటో తరగతి. పొద్దున్నే తనకి ట్యూషన్ చెప్పి, తాడేపల్లిగూడెం స్కూలు వ్యాను ఎక్కించి, కుండీకి నీళ్ళు పోసి మా ఇంటికి వెళ్ళడం నా పని.

వ్యాను వెళ్ళి పావుగంటయింది. పింకీ బాక్సులో ఏడు పళ్ళున్నాయి. మొదటి కాపు. పై అంతస్తుల్లోంచి నేనే కోసిచ్చాను. వ్యాను హారన్ కొడుతోంది, పింకీ తొందరపెడుతోంది. కింది అంతస్తు వైపు చూడలేదు.

"ఇంటర్వెల్‌లో ఫ్రెండ్స్‌కి పెడతా టీచర్, మనిషికొకటి" అని చెప్పి వెళ్ళింది.

వరండాలో పింకీ తాతగారు సుబ్బరాజు గారు కాఫీ తాగుతున్నారు. ఆ ఇంట్లో ఏ మొక్క తల వాల్చినా ఆయన మందుల గది తాళం తీస్తారు. వరి చేలో పురుగుకి చల్లే గుళికలు గులాబీ మొదట్లో ఓ గుప్పెడు, కనకాంబరం మొదట్లో ఓ గుప్పెడు. ఆ చుట్టుపక్కల అందరూ అంతే. మా నాన్న యోసేపు కౌలు చేసే రోజుల్లో ఆ గుళికలు చల్లిన మర్నాడు గట్ల మీద ఇలాగే వానపాములు కనిపించేవి. ఆ మందు ఆకు మీద ఆగేది కాదు. వేరు తాగి మొక్కంతా ఎక్కుతుంది. కాయకీ ఎక్కుతుంది. కడిగినా పోదు.

"రాజుగారూ, కుండీలో ఏమైనా వేశారాండీ?"

"నేనా? నేనెందుకేస్తానమ్మాయ్? మందు మాత్రం వద్దు మావయ్యగారూ అని ఇందుజమ్మ మరీ మరీ చెప్పిందిగా."

ఆయన నా వైపు చూడకుండా కాఫీ గ్లాసులోకి చూస్తూ అన్నారు. ఆ ఇంటి పెద్దాయన మాట అబద్ధమని నేనెలా అనను? వెళ్ళి కుండీలోంచి గొట్టం పైకి లాగి వరండా మెట్టు మీద వంచాను. ఊదారంగు గుళికలు ఇసకలా జారి కుప్పపడ్డాయి.

ఆయన లేచి నిలబడ్డారు.

"ఇందుజమ్మకి చెప్పకమ్మాయ్."

"పళ్ళు కోసేశామండీ. పింకీ బాక్సులో ఉన్నాయి."

"ఎల్లుండి కదా కోస్తామన్నారు?" అన్నారు.

వ్యాను నడిపే చిట్టిబాబుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. స్కూలు ఆఫీసుకి చేశాను. ఎవరూ ఎత్తలేదు. పింకీ నాన్నగారు చెరువులో చేపలు పట్టించడానికి వెళ్ళారు, కారు ఆయన దగ్గరే ఉంది. ఇందుజ గారు ఏలూరులో బ్యాంకుకి ఏడింటికే బయల్దేరారు. మందు ప్యాకెట్ అడిగితే సుబ్బరాజు గారు మొలతాడుకున్న తాళంచెవితో గది తీసి తెచ్చిచ్చారు. దాన్ని కవర్లో చుట్టి స్కూటీ డిక్కీలో పెట్టాను.

"ఎక్కండి రాజుగారూ."

"ఏం పట్టుకోవాలమ్మా?"

"సీటు వెనక కడ్డీ ఉందండి."

చెరువుల మధ్య రోడ్డు. రెండు పక్కలా నీళ్ళే. కాస్త దూరం పోగానే చేపల లారీ అడ్డం వచ్చింది. ఐసు నీళ్ళు కారుస్తూ రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. పక్కనుంచి దూరడానికి చోటు లేదు. హారన్ మీద నుంచి వేలు తియ్యలేదు నేను.

"నెమ్మది... నెమ్మదమ్మాయ్, గుంట!"

"నెమ్మదిగా వెళ్ళమంటారా అండీ?"

"కాదు. పోనీ. పోనీ తల్లీ."

లారీ ఓ కల్వర్టు దగ్గర పక్కకి తప్పుకుంది. దాటాక అడిగాను.

"ఎప్పుడేశారండీ?"

"నాలుగు రోజులైంది. ఆకు ముడుచుకుంటుంటే చూడలేకపోయాను. చిటికెడే."

స్కూలు గేటు దగ్గర చిట్టిబాబు వ్యాను అద్దం తుడుస్తున్నాడు.

"ఫోనెందుకు ఎత్తలేదు చిట్టిబాబు గారూ?"

"భలేవారే! బండి తోలుతూ ఫోన్ మాట్లాడుతున్నానని మొన్న ఇందుజ గారే కదండీ కంప్లైంట్ ఇచ్చారు? అప్పట్నించీ సైలెంట్‌లో పెడుతున్నా, ఆయ్."

లోపల ప్రేయర్ అవుతోంది. వాళ్ళ క్లాసు మిస్‌కి చెబితే పింకీనీ బాక్సునీ బయటికి తెచ్చారు. మూత తీశాను. ఆరు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే.

"ఏడోది ఏదమ్మా?" సుబ్బరాజు గారు వంగి అడిగారు.

"వ్యాన్‌లో తినేశా తాతయ్యా. తియ్యగా ఉందో లేదో చూడాలి కదా. పుల్లటివి పెడితే నవ్వుతారు."

నేను ఇందుజ గారికి ఫోన్ చేశాను. "పింకీని ఆసుపత్రికి తీసుకెళ్తున్నామండీ, వచ్చెయ్యండి" అని, ఆసుపత్రి ఎక్కడో చెప్పి పెట్టేశాను. ఎందుకన్నది సుబ్బరాజు గారే చెప్పాలి.

పిల్లల డాక్టరు గారు చిన్నావిడే. ప్యాకెట్ తిప్పి చదివారు. పింకీ కళ్ళలోకి లైటు వేసి చూశారు. నాడి చూశారు.

"ఎంత వేశారండీ?"

"చిటికెడండీ. నాలుగు రోజుల కిందట" అన్నారు సుబ్బరాజు గారు.

"అంత పెద్ద కుండీకి చిటికెడేనా? పాప తిన్నది ఒక్క పండేగా. ఓ గంట ఇక్కడే కూర్చోండి. ఏం లేకపోతే ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

బెంచీ మీద పింకీ కాళ్ళూపుతూ కూర్చుంది. మెట్టు మీద పడ్డ కుప్ప నా కళ్ళముందే ఉంది. అది చిటికెడు కాదు. ఆయనకీ తెలుసు. నేను చూశానని కూడా ఆయనకి తెలుసు. ఇద్దరం గోడ మీద గడియారం చూస్తున్నాం.

పింకీ మోచేత్తో మూతి తుడుచుకుంది. కాసేపటికి మళ్ళీ తుడుచుకుంది. అరగంట గడిచేసరికి యూనిఫాం చెయ్యి తడిసిపోయింది. కాళ్ళు ఊపడం మానేసింది.

"టీచర్, నోట్లో నీళ్ళొస్తున్నాయి."

పింకీని ఎత్తుకుని లోపలికి పరిగెత్తాను. ఆయనా నా వెనకే వచ్చారు. డాక్టరు గారు పాప నోరు చూసి, "నిజంగా చిటికెడేనా?" అని అడిగారు. చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే తలుపు తోసుకుని ఇందుజ గారు వచ్చారు. బ్యాగు భుజం మీంచి జారుతోంది.

"ఏమైంది మావయ్యగారూ?"

సుబ్బరాజు గారు కోడలి వైపు చూశారు. తరవాత పింకీ తడి చెయ్యి వైపు చూశారు. కుడిచెయ్యి పిడికిలి బిగించి డాక్టరు గారి ముందు పెట్టి, నెమ్మదిగా విప్పారు.

"చిటికెడు కాదండీ. ఇంత. పురుగు చావలేదని నిన్న సాయంత్రం ఇంకోసారి ఇంత. గొట్టంలో పోశాను. ఈ అమ్మాయికి తెలీదండీ. నేనే."

డాక్టరు గారు వెంటనే నర్సుని పిలిచారు. పింకీ బట్టలు మార్పించారు, ఇంజక్షన్ చేశారు, సెలైన్ పెట్టారు. పావుగంటకోసారి వచ్చి కళ్ళలో లైటు వేసి చూశారు. ఒంటిగంటకి నోట్లో నీళ్ళు తగ్గాయి. నాలుగింటికి పింకీ ఇడ్లీ అడిగింది. రాత్రికి ఇక్కడే ఉంచి రేపు పంపిస్తామని, ఇక భయం లేదని చెప్పారు.

ఇందుజ గారు మామగారికి దూరంగా బెంచీ చివర కూర్చున్నారు. ఆయన మొలతాడు నుంచి మందుల గది తాళంచెవి విప్పి బెంచీ మీద, ఇద్దరి మధ్యా పెట్టారు. ఆవిడ దాని వైపు చూడలేదు.

"నా ఆరు పళ్ళు ఏవీ?" అంది పింకీ మంచం మీంచి. "ఫ్రెండ్స్‌కి చెప్పేశా."

"అవి ఉడతలు..." ఇందుజ గారు మొదలుపెట్టారు.

"ఉడతలు కాదమ్మా" అన్నారు సుబ్బరాజు గారు. "తాతయ్య మందేసి పాడుచేశాడు."

పింకీ ఆయన వైపు తిరిగింది.

"అమ్మ వద్దంది కదా?"

"ఆఁ. వద్దంది."

ఇందుజ గారు బెంచీ మీంచి తాళంచెవి తీసి బ్యాగులో వేసుకున్నారు.