కదలాల్సిన గోడ

బాన్సువాడలో బోధన్ రోడ్డు పక్కన కనకరత్నం కట్టించిన ఇంట్లో లోపలి గోడలు మూడే. మూడూ కదలడానికే కట్టినవి. వర్ని దగ్గర కాలువ కింద వరి పండించే ఆమె ఇంజనీరు రవికుమార్‌ను కోరింది ఒకటే: కూల్చకుండా, మళ్లీ ఇటుక తేకుండా ఆ ఇల్లు మూడు పనులకు రావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు కుట్టుశిక్షణకు రెండు గదులు, కోతలప్పుడు ధాన్యం బస్తాలకు ఒకే హాలు, మోకాళ్లు మొరాయించిన నాడు తానొక్కతే ఉండటానికి చిన్న ఇల్లు.

రవికుమార్ వెదురు తడికలకు మట్టీ సున్నం మెత్తి, టేకు చట్రాల్లో కూర్చి, స్తంభాలకు బోల్టులతో బిగించేలా గీశాడు. నలుగురు పడితే గోడ లేచి రావాలి. అది మొదటిసారి లేవవలసిన ఉదయం కనకరత్నం కుర్చీ వేయించుకుని ఎదుట కూర్చుంది. గోడ కదిలితేనే పై అంతస్తు అతని పద్ధతిలో కట్టిస్తానని, లేకుంటే మామూలు ఇటుక గదులు చాలునని ఆమె ముందే చెప్పి ఉంది.

రవికుమార్ పానా పట్టుకుని బోల్టుల కోసం వెతికాడు. ఒక్కటీ కనిపించలేదు. స్తంభానికీ చట్రానికీ నడుమ సందూ లేదు. అంతా ఒకే సిమెంటు గిలాబు పూత, గుడ్డు పెంకులా నునుపు.

ఎవరి పనో అడగనక్కరలేదు. మేస్త్రీ భిక్యా అతని మేనమామ. గోడకు దారం పట్టి చూడటం అతనికి నేర్పిన మనిషి. రవికుమార్ రెండు రోజులు ఊళ్లో లేనప్పుడు, ఎవరూ అడగకుండానే ఆ సందులన్నీ పూడ్చాడు. ఇప్పుడు ఒక మెచ్చుకోలు మాట కోసం గోడ పక్కనే నిలబడి ఉన్నాడు.

“కదిలే గోడ అన్నావు కదా బాబూ,” అంది కనకరత్నం. “ఇది నాకంటే మొండిగా ఉందే.”

కూలీలు నవ్వారు. భిక్యా ముఖంలో వెలుగు తగ్గింది.

తప్పు మేస్త్రీది అంటే చాలు. ఆ ఒక్క మాటతో రవికుమార్ మాట నిలబడుతుంది. భిక్యా నలభై ఏళ్ల పేరు అందరి ముందూ పడిపోతుంది. అయితే ఆ మాట ఎంతవరకు నిజం? మేనమామకు పని వివరించడం పెద్దరికాన్ని కాదనడమే అవుతుందని, కొలతలు మాత్రం అప్పగించి ఊరుకున్నాడు తాను. ఇరవై ఏళ్ల తర్వాతి అవసరాన్ని ఊహించినవాడు, ఎదుట నిలబడ్డ మనిషికి ఏం తెలియాలో ఊహించలేదు. మర్యాద అనుకున్నది దూరమేనేమో.

“తప్పు నాదే అమ్మా,” అన్నాడు. “గోడ ఎందుకు కదలాల్నో మామకు నేను చెప్పలే.”

తర్వాత భిక్యా వైపు తిరిగి, తమ తండాలో మాట్లాడే లంబాడీ భాషలో, మొదటినుంచీ చెప్పాడు: కుట్టుమిషన్లు, బస్తాలు, ఆమె మోకాళ్లు. భిక్యా చివరిదాకా విన్నాడు. జవాబు మాత్రం అందరికీ వినపడేలా తెలుగులోనే ఇచ్చాడు.

“బోల్టులు కనబడ్తే ఇల్లనరు, పిండిగిర్నీ అంటరు. నిన్ను చూసి నవ్వుతరని కప్పిన. గీ ముచ్చట ముందుగాల చెప్తే ఏం పోయె?”

రవికుమార్ ఉలి అందుకోబోతే ఇవ్వలేదు. తన పనిని తానే, తేలిక చేత్తో, పెచ్చులు పెచ్చులుగా ఒలిచాడు. కింది మూల కొంచెం మట్టి రాలింది. ఆ మచ్చను దాచలేదు. మధ్యాహ్నానికి ఆ గోడకున్న ఎనిమిది బోల్టులూ బయటపడ్డాయి. ఇకమీదట సందుల్లో సిమెంటు వద్దని, మెత్తటి సున్నం నింపితే పైకి నున్నగానే ఉంటుందని, కావాల్సినప్పుడు గోరుతో గీకినా రాలుతుందని భిక్యా అన్నాడు. రవికుమార్ గీసిన బొమ్మలో ఆ సంగతి లేదు. పెన్సిలుతో అక్కడే రాసుకున్నాడు.

బోల్టులు విప్పి, నలుగురు పట్టి ఎత్తారు. గోడ లేచింది. రెండు గదుల వెలుతురు ఒకటైంది. కనకరత్నం ఈ చివరినుంచి ఆ చివరకు నడిచి, ఈ కోతలకు బస్తాలు ఎన్ని వరసలు పడతాయో చూసుకుంది. పై అంతస్తు సంగతి మాట్లాడటానికి వచ్చేటప్పుడు మేస్త్రీనీ వెంట తీసుకురమ్మంది.

భిక్యా చేతులు కడుక్కుంటూ, పక్కకు ఆనించిన గోడను చూశాడు.

“మల్ల ఎప్పుడు బిగిస్తరు దీన్ని?”

“కోతలైనంక, మామా.”

“నేనే వస్త. ఇంకెవ్వల్నీ చెయ్యి పెట్టనియ్యకు.”